ఊపిరి వెచ్చించి చెప్పే మాట

2024లో నర్సంపేటలో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలలో చదువుకుంటున్న బిడ్డా, నీ ఎదుట బల్లమీద కూర్చున్నవాడు దమ్ముతో, అంటే ఆయాసంతో, వచ్చాడు. దమ్మున్నవాడికి మాట ఊరికే రాదు. ఒక్కో మాటకూ అతడు ఊపిరి వెచ్చించాలి. ఆ మాటను మధ్యలో తుంచడం పాపమని తెలుసుకో.

ముందు కళ్లతో చూడు. ఒక్క వాక్యమైనా పూర్తిచేయలేక ఆగిపోతున్నాడా, పెదవులు నీలమెక్కాయా? అయితే ప్రశ్నలు కట్టిపెట్టి ఆక్సిజన్ పెట్టు, పెద్ద డాక్టరును పిలువు. ప్రాణం కుదుటపడేదాకా వెంట వచ్చినవారినే అడుగు.

కుదురుగా ఉన్నవాడినైతే పెద్దయ్యా అనో, అవ్వా అనో పిలిచి, ఏమైందో అడిగి ఊరుకో. దగ్గుందా, తెమడుందా, జ్వరముందా అని గుప్పిస్తే అన్నిటికీ "ఉంది సారూ" అంటాడు. నీ కాగితం నిండుతుంది, రోగం దొరకదు. ఆయాసానికి కొలత అతని బతుకులోంచే తీసుకో: నిరుడు పాకాల చెరువు కట్ట ఎక్కినవాడు ఈ ఏడు వాకిలి దాటలేకున్నాడా? పడుకోగానే ఆయాసం పెరిగి లేచి కూర్చుంటున్నాడంటే గుండెను అనుమానించు. తెల్లవారుజామున పిల్లికూతలతో మెలకువ వస్తోందంటే ఉబ్బసం కావచ్చు. నెత్తురు పడిందంటే దగ్గుతోనా, వాంతితోనా, చిగుళ్లనుంచా తేల్చు. బీపీ మాత్రల్లో కొన్ని పొడిదగ్గు తెస్తాయి కనుక వాడే గోలీలన్నీ, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవి సహా, సంచీలోంచి తీయించి చూడు.

ఇక పని సంగతి. 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జినీ పనివారి రోగాలపై గ్రంథం వెలువరిస్తూ, పూర్వులు అడగమన్న ప్రశ్నలకు "నువ్వు చేసే పనేమిటి?" అన్నది చేర్చాడు. ఈ ప్రాంతంలో దానికి "వ్యవసాయం" అని రాసుకుని తృప్తిపడకు. మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరే ఆమె పీల్చేది ఒకటి, వీపున పంపు కట్టుకుని మందు కొట్టేవాడు పీల్చేది మరొకటి, జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తేవాడు పీల్చేది ఇంకొకటి. పత్తిధూళి వల్ల ఛాతీ పట్టేసే జబ్బు తొలినాళ్లలో, సెలవు గడిచి పనిలోకి దిగిన మొదటిరోజే ఎక్కువ బాధిస్తుంది. 1934లోనే ఆజంజాహి బట్టల మిల్లు వెలసిన వరంగల్ గడ్డమీద చదివేవాడు ఈ సంగతి ఎరగకపోవడం తగదు. ఏ రోజు ఎక్కువ, పని మానిన రోజు ఎట్లుంది అని తప్పక అడుగు. బీడీ ముట్టని అవ్వకు ఊపిరితిత్తులు ఎందుకు చెడ్డాయని విస్తుపోకు. ఎన్నేళ్లు కట్టెలపొయ్యి ఊదిందో, ఆ వంటింటికి కిటికీ ఉందో లేదో కనుక్కో.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, రవికె వదులవడం విన్నప్పుడు క్షయ తలపుకు రావాలి. తెమడ పరీక్షకు పంపు. కానీ ఆ పేరు వార్డు నడుమ పైకి పలకకు. పెళ్లీడు పిల్లకు, కొత్త కోడలికి ఆ ఒక్క మాట జీవితాంతం వెంటపడుతుంది. వెంట వచ్చిన అత్తను కాసేపు బయట కూర్చోమని చెప్పి అడుగు. ఇదివరకు మందులు మొదలుపెట్టి ఆపేశావా అని గద్దిస్తే లేదనే అంటుంది. ఆ అబద్ధం పలికించిన దోషం నీది. మెల్లగా అడుగు, జవాబుకు ఆగు. షుగరుందేమో కనుక్కో. ఇంట్లో ఇంకెవరు దగ్గుతున్నారో, ఐదేళ్లలోపు పసిపిల్లలు ఎందరున్నారో అడిగి, వాళ్లందరినీ రేపు పొద్దున్నే తీసుకురమ్మను.