అబ్బాయి ఎప్పటికి చేరతాడు?

అమెరికాలోని డల్లాస్ విమానాశ్రయానికీ మన శంషాబాద్ విమానాశ్రయానికీ మధ్య అతి దగ్గర దారిన లెక్క వేసినా దాదాపు 14,400 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా ఎగిరితే 16 గంటలు. దారిలో దిగి మరో విమానం ఎక్కాలి గనుక ఇంచుమించు ఒక రోజు పడుతుంది. శంషాబాద్ నుండి గన్నవరానికి గాలిలో సుమారు 260 కిలోమీటర్లు, ఒక గంట. గన్నవరం నుండి పర్చూరుకు రోడ్డు మీద వంద పైచిలుకే గాని, గంటలో రాలేము. 2024 మార్చి 18న మన కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీదనే వాయుసేన విమానాలు దిగాయి. అది అత్యవసర ఏర్పాటు, మన ప్రయాణాలకు కాదు.

ఈ లెక్కలన్నీ ఎందుకంటే, ఇప్పుడు మన విచారణలలో చావు కబురు వెంటనే వచ్చే ప్రశ్న ఇదే: "అబ్బాయి ఎప్పటికి చేరతాడు ఫాదర్?" దేహాన్ని ఐసు పెట్టెలో ఉంచుతారు, పూజ వేళ మారుస్తాము. తప్పని నేననను. కన్నతండ్రి ముఖం కడసారి చూడాలన్న కోరిక న్యాయమైనదే. కాని, చేరుకోగల శక్తి పెరిగితే చేరుకోవలసిన బాధ్యత కూడా పెరుగుతుందా?

పెరుగుతుందనే నా అభిప్రాయం. 19వ శతాబ్దంలో మిల్‌హిల్ గురువులు వారాల తరబడి ఓడలో ప్రయాణించి మన ప్రాంతానికి వచ్చారు. అలాంటి వారికి తల్లి మరణవార్త ఉత్తరంలో అందేసరికి భూస్థాపన ఎప్పుడో ముగిసి ఉండేది. రాలేదని వారిని నిందించగలమా? శక్యం కానిదానికి బాధ్యత లేదు. విమానం వచ్చాక ఆ మాట చెల్లదు. అయితే అది చావుకు మాత్రమే చెల్లదా? తండ్రి మంచంలో ఉన్న ఆరు నెలలకు వర్తించదా? అంత్యక్రియలకు దొరికిన సెలవు, టిక్కెట్టు డబ్బు, జబ్బుకు ఎందుకు దొరకవు? వీసా చిక్కులున్నవారి సంగతి, వస్తే ఉద్యోగం పోయేవారి సంగతి వేరు. వారి మీద నేను భారం మోపను.

అందరినీ సమానంగా ప్రేమించాలి, కాని అందరికీ మేలు చేయడం మన వల్ల కాదు గనుక, స్థలమో కాలమో మనకు దగ్గర చేసినవారిని మన వంతుకు చీటీలో వచ్చినవారిగా ఎంచుకోవాలని పునీత అగస్టీనువారు బోధించారు. మిరప కోతల నుండి తిరిగివచ్చి పక్కింటి పెద్దాయనకు గంజి తాగించే ఇల్లాలికి ఆ చీటీ వచ్చింది. మంచి సమరీయుని కథలో యాజకుడు గాయపడినవాడికి ఎంతో దూరంలో లేడు, అదే దారిన పోతున్నాడు. (యాజకుణ్ణే ముందు చెప్పడం మా గురువులకు చురక!) అయితే పక్కింటి ఆమె వంతు కొడుకు వంతును రద్దు చేయదు. మనిషిని పెట్టి జీతం పంపినా అంతే.

బెతానియ గ్రామం యెరూషలేముకు మూడు కిలోమీటర్లయినా లేదు. యేసు యోర్దాను అవతల ఉండగా లాజరు జబ్బు కబురు అందింది. ఆయన మరి రెండు దినములు అక్కడే ఆగి, నాలుగు దినముల సమాధి దగ్గరకు వచ్చాడు. నీవుంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాడని మార్త మొగం మీదనే అన్నది. ఆయన లాజరును లేపాడు. మన పిల్లలకు ఆ శక్తి లేదు.

ఇంకొక సంగతి. ఆ అక్కచెల్లెళ్లు జబ్బును దాచలేదు, వెంటనే మనిషిని పంపారు. మన తల్లులేమో ఫోనులో పిల్లలు అడిగితే, ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి మరీ, "నాకేం బాబూ, బాగానే ఉన్నాను" అంటారు.