ఎవరు సర్దుకోవాలి?

సత్తెనపల్లి వైపు సైకిల్ షాపు అనగానే చాలామందికి ఒక సాయిబు గుర్తొస్తాడు. ‘చేతిపనిలో మీవాళ్ళని మించినవాళ్ళు లేరండీ’ అంటారు. మెచ్చుకోలే. కానీ నీ కొడుకు చేతికీ ఆ పానానే రాసిపెట్టి ఉందన్న మాట కూడా అందులో ఉంది. పనితనాన్ని మేం హునర్ అంటాం. హునర్‌ని గౌరవించడం వేరు, దానికి మనిషిని కట్టేయడం వేరు.

ఇంతకీ ఆ హునర్ ఏమిటి? చక్రం వంకరపోతే ఉస్తాద్ సుత్తి తియ్యడు. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి చక్రం తిప్పుతాడు. రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుంటాడు. గీత పడినచోట రిమ్ము అటు జరిగిందన్నమాట. అక్కడ ఆ వైపు స్పోకుల్ని కాస్త వదులుచేసి, రెండోవైపు స్పోకుల్ని కాస్త బిగిస్తాడు. పావు చుట్టు తిప్పడం, మళ్ళీ చూడటం. స్పోకు సన్నటి తీగ. లాగి పట్టుకోవడమే దాని బలం. అటూ ఇటూ లాగే బిగువుల మధ్యే చక్రం తిన్నగా నిలుస్తుంది.

దేశంలో వంకర కనిపిస్తే మాత్రం ‘మీరే సర్దుకోండి, ప్రధాన స్రవంతిలో కలవండి’ అంటారు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలాక కూడా సర్దుకోమన్నది మమ్మల్నే. రెండోవైపు బిగువు ఎవరు చూశారు?

ఇంకో సంగతి. మన పాత పెద్ద సైకిళ్ళకి మామూలుగా ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. మనిషి బరువూ, క్యారియర్ మీది మిరపకాయల బస్తా బరువూ ఎక్కువగా మోసేది వెనక చక్రమే. ముందు చక్రానికి అన్యాయం జరిగిందని ఎవరూ అనరు. ముస్లింల వెనకబాటుతనాన్ని 2006లో సచార్ కమిటీ లెక్కలతో సహా చూపింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లిం వర్గాలకి చదువుల్లో, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కి చట్టం వచ్చింది. దానికి బుజ్జగింపు అని పేరు పెట్టారు.

ఈ లెక్క మాకూ వర్తిస్తుంది. పత్తి పండే ఈ నేల మీద దూది ఏకి బతికిన దూదేకులవాళ్ళని తక్కువగా చూసి, పిల్లనివ్వడానికి వెనకాడిన ఇళ్ళు మాలోనూ ఉన్నాయి. అక్కడ వదులు కావలసింది ఆ ఇళ్ళే.

సర్దుకోవడం తప్పు కాదు. ఎప్పుడూ ఒకరినే సర్దుకోమనడం తప్పు. ఒకవైపే బిగిస్తూ పోతే ఉన్న వంకర పోకపోగా కొత్త వంకర పుడుతుంది. ఈ మాట ఏ సైకిల్ షాపులో అడిగినా చెబుతారు.