బాగానే ఉన్నారండీ

నాన్న ఛాతీలో ఎడమవైపు, మెడ ఎముక కింద, అగ్గిపెట్టెంత ఉబ్బు ఉంటుంది. ఐసీడీ. పేస్‌మేకర్ నెమ్మదించిన గుండెని తట్టి లేపుతుంది. ఇది, గుండె అదుపు తప్పి పరుగెత్తి ప్రాణం మీదికి తెచ్చినప్పుడు లోపల్నుంచే షాక్ కొట్టి దారిలో పెడుతుంది. గుంటూరు తీసుకెళ్ళి పెట్టించాం.

ఒకసారి కొట్టింది. పెరట్లో మోటారు స్విచ్ వేస్తుండగా. "గుర్రం రొమ్ము మీద తన్నినట్టుందిరా" అన్నాడు. మర్నాటి నుంచి మోటారు జోలికి పోలేదు. తర్వాత పెరట్లోకే పోలేదు. స్నానానికెళితే గడియ పెట్టుకోవడం మానేశాడు. ఏటా తొలి ఏకాదశికి వినుకొండ కొండెక్కి రామలింగేశ్వరుణ్ణి చూసొచ్చే మనిషి, ఆ ఏడు కింద నుంచే దణ్ణం పెట్టాడు. (జటాయువు చెప్పగా సీత సంగతి రాముడు విన్న కొండ కాబట్టి ఆ పేరంటారు మా ఊళ్ళో.)

చెకప్‌కి వెళ్ళాం. ఛాతీ మీద ఓ పరికరం ఆనించగానే యంత్రం అన్నీ చెప్పేసింది. బ్యాటరీ ఎన్నేళ్ళొస్తుంది, తీగలెలా ఉన్నాయి, షాక్ ఏ రోజు ఏ నిమిషాన కొట్టింది. "ఇంకేమైనా ఇబ్బందా?" అనడిగారు, ప్రింటు కాగితం చించుతూ.

"బాగానే ఉన్నారండీ" అన్నాను.

అడిగింది నాన్నని. చెప్పింది నేను.

షాక్ తిన్నవాళ్ళలో ఆందోళన, కుంగుబాటు అరుదేం కాదని తర్వాత చదివాను. కొందరు యంత్రం కొట్టకపోయినా కొట్టిందని నిద్రలో ఉలిక్కిపడి లేస్తారట. రికార్డులో ఏమీ ఉండదు. దాన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలక్కర్లేదు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంది. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఉత్సాహం ఎలా ఉన్నాయని అడుగుతుంది. మొత్తం 27 మార్కులు. 10 వచ్చినా, దాటినా ఇంకొంచెం లోతుగా చూడాలి. చచ్చిపోతే మేలనిపించిందా అన్నది తొమ్మిదో ప్రశ్న.

డాక్టరు స్నేహితుడొకడు ఒప్పుకోలేదు. "అవునంటే ఏం చేస్తావ్? సైకియాట్రిస్టు కోసం మళ్ళీ ఊళ్ళు దాటాలి. కట్టు కట్టలేనివాడు పుండు విప్పకూడదు" అన్నాడు. తీసెయ్యాల్సిన మాట కాదది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1968లో విల్సన్, యుంగ్నర్ రాసిన స్క్రీనింగ్ సూత్రాలూ వైద్యం అందుబాటులో ఉండాలనే అంటాయి.

కానీ అవి, తన దారిన తాను పోయేవాణ్ణి ఆపి నీలో రోగముందేమో చూస్తాననే సందర్భానికి. నాన్న అలా పోతున్నవాడు కాదు. ఆ భయాన్ని ప్రాణంతో పాటు మనమే ఛాతీలో పెట్టి కుట్లేశాం. పెట్టినవాళ్ళు దాని గురించి అడగడం దయ కాదు, బాకీ. పైగా ప్రతి భయానికీ సైకియాట్రిస్టే దిక్కు కాదు. ఒక్క షాక్ కొట్టి మనిషి మామూలుగా ఉంటే ఫోన్ చేయాలి, వెంటవెంటనే కొడితే ఆసుపత్రికి పరుగెత్తాలి అని ముందే చెప్పి ఉంటే మాకు సగం రాత్రులు మిగిలేవి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడతారన్న సంగతీ అంతే.

అసలు చిక్కు వేరే ఉంది. కరెంటు పోయిన ఓ రాత్రి అరుగు మీద కూర్చుని నేనే అడిగాను. చాలాసేపు విసనకర్ర చప్పుడే.

"ఇంత ఖర్చుపెట్టి బతికించారు. ఇప్పుడు భయమేస్తోందని ఏ మొహం పెట్టుకుని చెప్పనురా?"

మన మాటల్లో గుండె అంటే ధైర్యం కూడా కదా. గుండెకి వైద్యమైనవాడు గుండె జారిందని ఎవరితో అంటాడు? కృతజ్ఞత నోరు కట్టేస్తుంది. అడిగేదాకా చెప్పరు, అడిగితే పక్కనున్నవాళ్ళం చెప్పేస్తాం.

మొన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు, ఆయనతో ఒక్కరితోనే మాట్లాడమని చెప్పి బయట బెంచీ మీద కూర్చున్నాను. అరగంట పట్టింది. బస్సులో నాన్న ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ సాయంత్రం పెరటి తలుపు తీసి, గడప దాకా వెళ్ళి నిలబడ్డాడు.