ఇంటికొచ్చిన చెట్టుకప్ప ఎవరిది?

తొలకరి పడి కాలువలకు నీళ్లు వదిలాక బందరు, గుడివాడ ఇళ్లలోనూ దివిసీమ లంక ఊళ్లలోనూ స్నానాల గదిలోకో, నీళ్ల తొట్టి వెనక్కో చెట్టుకప్ప చేరడం కొత్తేమీ కాదు. లేత గోధుమరంగు ఒళ్లు, వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు, నున్నటి గోడనైనా పట్టుకుని రోజంతా కదలకుండా కూర్చునే ఓపిక. ఇదివరకు చీపురుతో బయటికి తోసేసేవాళ్లు. ఇప్పుడు పిల్లలు ముచ్చటపడి గాజు తొట్టెలో పెట్టి పెంచుకుందాం అంటున్నారు. పెద్దవాళ్లకూ అది జీవకారుణ్యంగానే తోస్తోంది. చీపురుతో పోలిస్తే కారుణ్యమే, కాదనను. కానీ ఒక ప్రాణిని కాపాడటం, దాన్ని మనదిగా చేసుకోవడం ఒకటేనా అన్నది మన మతాలు చాలాకాలం కిందటే తేల్చుకోబోయిన ప్రశ్న. గోడ మీది కప్ప విషయంలో అది మళ్లీ మన గుమ్మం తొక్కింది.

పెంపుడు జంతువు మాట వస్తే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది భాగవతంలోని భరతుడు. రాజ్యం వదిలి గండకీ తీరాన తపస్సు చేసుకుంటున్నవాడు, సింహగర్జనకు బెదిరి ఏరు దాటబోయిన తల్లి కడుపులోంచి జారి నీళ్లలో పడ్డ లేడికూనను ఒడ్డుకు తెచ్చి సాకాడు. చివరికి దాని ధ్యాసలోనే ప్రాణం విడిచి లేడిగా పుట్టాడు. జాలిపడితే ఇంత శిక్షా అని చాలామంది అడుగుతారు. తల్లి లేని కూనను ఏటిలో వదిలేసి ఉంటే అతన్ని ఎవరూ మహాత్ముడనేవారు కాదు. కాబట్టి తప్పు ఏటిలోంచి తీయడంలో లేదు. కూన పెరిగి తన మేత తాను మేయగలిగాక కూడా అది కనబడకపోతే నిలవలేకపోవడంలో ఉంది. అక్కర లేడిది కాకుండా పోయి భరతుడిదైంది. జైనుల కథ ఇంకా సూటిగా ఉంటుంది, అందులో ఉన్నది సాక్షాత్తు కప్పే. రాజగృహంలో నందుడనే శ్రావకుడు ఊరి జనం కోసం పెద్ద కోనేరు తవ్వించాడు. నిస్సందేహంగా పుణ్యకార్యమే. కానీ చచ్చేటప్పుడు ‘నా కోనేరు’ అన్న తలపు వదల్లేదు, అదే కోనేటిలో కప్పగా పుట్టాడు. నీళ్లకొచ్చినవాళ్లు నందుణ్ణి పొగుడుతుంటే పూర్వజన్మ గుర్తొచ్చి, మహావీరుడి దర్శనానికి గెంతుతూ బయల్దేరి దారిలో గుర్రం కాలికింద పడి దేవత్వం పొందాడట. గుడివాడలో జైన తీర్థంకరుడు పార్శ్వనాథుడి విగ్రహం ఇప్పటికీ పూజలందుకుంటోంది. కాబట్టి ఈ కథ ఒకప్పుడు మన కృష్ణా డెల్టాకూ చేరే ఉంటుంది. దానం చేసినవాణ్ణే ‘నాది’ అన్న భావం పట్టి బంధిస్తే, పట్టి తెచ్చుకున్నవాణ్ణి వదులుతుందా?

ఇదంతా వేదాంతం, కప్పకేం నష్టం అంటారేమో. నష్టం దాని ఒంటి మీదే కనిపిస్తుంది. కప్ప నీళ్లు నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగమూ చర్మం నుంచే. మన చేతికున్న ఉప్పు, సబ్బు, దోమలకు రాసుకునే మందు, కుళాయి నీళ్లలోని క్లోరిన్, అన్నీ ఆ పలచని తోలుకు గండాలే. ముద్దుచేసి నిమిరితే కుక్కకు హాయి, కప్పకు బాధ. పైగా అది కదిలే పురుగును తప్ప ముట్టదు. మెతుకులు పెడితే తినదు. అంటే తొట్టెలో పెట్టిన రోజు నుంచి దానికోసం మిడతల్నీ బొద్దింకల్నీ మనమే పట్టి తెచ్చి వేయాలి. బయట ఉన్న కప్ప పురుగును తింటే అది దాని బతుకు తీరు, అందులో పాపం వెతికేవాడు వెర్రివాడు. గాజు గోడ లేచాక మాత్రం ఆ చంపడంలో మన చేయి కలుస్తుంది. జీవహింస వద్దని శాకాహారం పాటించే ఇంట్లో జీవకారుణ్యం పేరిట రోజూ ప్రాణులను బలివ్వడం మొదలవుతుంది. ఈ చిక్కును కప్ప తేలేదు, మనం తెచ్చుకున్నాం.

ఆవును కట్టేయడం లేదా, కుక్కను పెంచడం లేదా అన్న ఆక్షేపణ సబబైనదే. అయితే ఆ రెండూ వేల ఏళ్లుగా మనిషితో కలిసి మారిన జంతువులు. కుక్క యజమానిని వెతుక్కుంటుంది. చెట్టుకప్ప వెతుక్కునేది తడి, చీకటి, పురుగు, వానాకాలంలో జత. దాని సంసారం చూసినవాడికి గాజు తొట్టె ఎంత చిన్నదో తెలుస్తుంది. నీళ్లకు పైన తొట్టి అంచునో, వంగిన ఆకునో పట్టుకుని వెనక కాళ్లతో చిలికి చిలికి తెల్లటి నురగ ముద్ద కడుతుంది. గుడ్లు అందులో ఉంటాయి. పైపొర ఎండి గట్టిపడినా లోపల తడి ఆరదు. కొద్ది రోజులకు తోకపిల్లలు ఒక్కొక్కటే కింద నీళ్లలోకి జారిపడతాయి. సబ్బు నురగో ఉమ్మో అనుకుని దాన్ని చెంబుడు నీళ్లతో కడిగేసే ఇళ్లు ఎన్నో! ఇంతకన్నా బలమైన ఆక్షేపణ మరొకటుంది. నాది అనుకోకపోతే ఎవరూ పట్టించుకోరు, అందరిదీ అంటే ఎవరిదీ కాదు. ఊరి చెరువులన్నీ అలాగే పూడిపోయాయి కదా! ఇది కాదనలేని మాట. గృహస్థు మమకారం పూర్తిగా వదలలేడు, వదలమనడమూ కపటమే. కాకపోతే ఆ మమకారాన్ని ఎక్కడ నిలపాలో ఎంచుకోవచ్చు. తొట్టి నాది, పెరడు నాది, అక్కడ ఫినాయిల్ పోయకుండా చూసే పూచీ నాది అనుకోవచ్చు. కప్ప మాత్రం ఎప్పుడు రావాలో ఎప్పుడు పోవాలో అదే చూసుకుంటుంది. పిల్లలకు దయ అలవడేది ఎలా అంటారా, నురగ ముద్దను కడగకుండా కాపలా కాయమనండి చాలు.

కప్ప ఉంటే పాము వస్తుందన్న భయం దివిసీమలో తీసిపారేసేది కాదు. 2018 ఆగస్టులో అక్కడ పాముకాట్లు పెరిగితే మోపిదేవిలో సర్పశాంతి హోమం కూడా చేయించారు. పాము కప్ప కోసం వస్తుంది, ఎలుక కోసం ఇంకా ఎక్కువగా వస్తుంది. కనుక గడ్డివాము ఇంటికి దూరంగా పెట్టుకోవడం, రాత్రి టార్చి లేకుండా కాలు బయట పెట్టకపోవడం, కాటు పడితే మంత్రగాడి దగ్గర ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తడం, ఇవే దానికి మందు. మోపిదేవిలో సర్పరూపంలో స్వామిని కొలిచే జనానికి ఆ సర్పం నోటి కబళం మీద చిన్నచూపు ఉండటం నాకు కాస్త విడ్డూరంగానే ఉంటుంది. వానలు పడకపోతే అదే కప్పను రోకలికి కట్టి కప్పతల్లిగా ఊరేగించి నీళ్లు పోయించే ఊళ్లున్నాయి. అక్కర తీరాక దాని ఊసెత్తరు. పొలాల్లో కప్పల్ని పట్టి కాళ్లు కోసి విదేశాలకు పంపే వ్యాపారం 1987లో కేంద్రం ఎగుమతి నిషేధించేదాకా దేశంలో బాహాటంగానే సాగింది.

దుకాణంలో కొన్న విదేశీ కప్ప సంగతి వేరు. దాన్ని మన కాలువలో వదలడం ఇక్కడి కప్పలకు కొత్త రోగాలు అంటించడమే కావచ్చు. కాబట్టి కొన్నవాడు చివరిదాకా సాకాల్సిందే, అదే అతని ప్రాయశ్చిత్తం. తనంతట తానొచ్చిన చెట్టుకప్పకు మాత్రం పెరట్లో నీడపట్టున ఒక మట్టి తొట్టి, అందులో ఒకరోజు నిలవబెట్టిన నీళ్లు, పక్కన నాలుగు ఆకుల మొక్కలు చాలు. తప్పనిసరై పట్టుకోవాల్సి వస్తే చేయి మంచినీళ్లతో తడుపుకుని పట్టుకోండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. ఈ వానాకాలం తొట్టి అంచున నురగ కనబడితే దాన్ని అలాగే ఉండనివ్వండి.