నిత్యశాంతి

మనస్సు కలఁతపడినపుడెల్ల మనము మైపాడు తీరమునకుఁ బోయి కొంతసేపు కూర్చుండి వత్తుము. ఇల్లు చేరఁగనే కలఁత మరల మొదలగును. ఏలయన, అచ్చట లభించినది విశ్రాంతియే కాని శాంతి కాదు. శాంతి నిత్యాభ్యాసమువలనఁ గలుగును.

ఆ తీరమునకు అనతిదూరమున, పెన్న యొడ్డున, పల్లిపాడునందు హనుమంతరావు, కృష్ణయ్య గారలు నెలకొల్పిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమును గాంధి మహాత్ముఁడు 1921 ఏప్రిల్ 7వ తేదీన ప్రారంభించెను. దేశమెల్ల సంక్షోభించుచున్న ఆ దినములలో అచ్చటివారు రాట్నము త్రిప్పిరి. రాట్నము మనకొక గురువు. చేయి తొందరపడిన నూలు తెగును. తెగిన నూలును కోపమునఁ బాఱవేయక, అతికి మరల వడకవలయును.

మనమును అట్లే చేయుదము. ఉదయమున లేచినతోడనే సెల్ ఫోను చేతఁబట్టక, కొంతసేపు మౌనముగాఁ బరమేశ్వరుని ధ్యానింతము. సాయంకాలమునఁ గొంతదూరము నడతము. కోపము వచ్చినపుడు పది శ్వాసలు విడుచువఱకు మాటాడకుందము. రాత్రి పరుండుటకు ముందు, ఆనాఁ డెవరిని నొప్పించితిమో తలఁచుకొని, మఱునాఁడు వారిని క్షమింప వేఁడుదము.

మన శాంతికి మనము సాక్షులము కాము. మన కోపమునకు బదులు చెప్పలేని పనివారును బిడ్డలునే సాక్షులు. మన అడుగుల చప్పుడు విని వారు జంకకున్ననాఁడే మన ప్రార్థన ఫలించినదని యెఱుంగుదము.