ఇంజను కంటే ముందు ఛాసిస్

మద్రాసు దగ్గరి ఎన్నూరులో 1949లో అశోక్ మోటార్స్ వాళ్లు ఆస్టిన్ ఏ40 కార్లు బిగించేవారు. ఆ సంస్థే 1955లో అశోక్ లేలాండ్ అయి లారీలు, బస్సుల వైపు మళ్లింది. మద్రాసుకు అటు చివర వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ వాళ్లు 1961 నుంచి హెరాల్డ్ కారు చేశారు. ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చింది.

అలాంటి పాత బండి, కదలనిది, చవగ్గా వస్తోందంటే మనసు లాగుతుంది. లాగనివ్వండి, అది మంచి కోరికే. కానీ ఇంజను ఆగిపోయిందని బెంగపడకండి. పిస్టన్లు, రింగులు మంచి మెకానిక్ చేతిలో దారికొస్తాయి. భయపడాల్సింది తుప్పుకే. ఎన్నూరు ఉప్పుగాలికి ఏళ్ల తరబడి నిలబడిన కారైతే మరీను. కింద దూరి, స్క్రూడ్రైవరు మొనతో ఛాసిస్‌ను పొడిచి చూడండి. ఠంగుమంటే సరే. మెత్తగా దిగబడి, ఎర్రటి పొరలు రాలితే బేరం అక్కడే ఆపండి.

తర్వాత ఆర్‌సీ అడగండి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కారుకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. రుసుము 20,000 రూపాయలు. అయితే అలాంటి బండిని రోజూ ఆఫీసుకు తోలడానికి వీల్లేదు. ఆదివారం దాన్ని తుడిచి, విప్పి, బిగించే ఓపిక మీకుంటే, కాగితాలు సరిగ్గా ఉంటే, ధైర్యంగా కొనండి.