తీర రక్షణ: నిర్ణయాధికారం ఎవరిది?

సముద్రమట్టం పెరుగుతున్న ఈ కాలంలో తీరప్రాంత రక్షణకు ప్రణాళికలు అవసరమన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. వాటిని ఎవరు నిర్ణయించాలన్నదే ప్రశ్న. నిపుణునికి శాస్త్రజ్ఞానం ఉన్నది. ప్రభుత్వానికి ధనమూ అధికారమూ ఉన్నాయి. ఆ నిర్ణయం తప్పిననాడు మునిగేది మాత్రం తీరవాసి ఇల్లు. నష్టంలో భాగమున్నవానికి నిర్ణయంలోనూ భాగముండాలనడం న్యాయసూత్రం. అది వివేకం కూడా అనడానికి మన పొరుగుదేశపు అనుభవమే సాక్ష్యం.

నేటి బంగ్లాదేశ్ నైరుతి తీరంలో 1960లలో ఉప్పునీటి పోటును ఆపడానికి కరకట్టలు నిర్మించారు. తొలుత పంటలు బాగా పండాయి. కాని పోటుతో వచ్చే ఒండ్రుమట్టి పొలాలకు చేరే దారి మూసుకుపోయి నదీగర్భంలోనే పేరుకున్నది. 1980ల నాటికి వాననీరు బయటికి పోయే మార్గం లేక పల్లపు భూములు మడుగులైనాయి. 1990లో బిల్ డకాతియాలో, 1997లో బిల్ భైనాలో గ్రామస్థులే కట్టలను తెంచారు. బిల్ భైనాలో పోటునీరు తెచ్చిన ఒండ్రుతో పల్లం మెరక అయింది. పక్కనున్న నది లోతెక్కింది. అనుమతి లేకుండా జరిగిన ఆ పనిలోని సూత్రాన్నే ప్రభుత్వం తరువాత తన పద్ధతిగా స్వీకరించింది.

అయితే ఈ కథ ఇక్కడితో ముగియలేదు. పల్లం మెరక అయ్యేవరకు అక్కడి రైతు కొన్నేళ్లు పంట వదులుకోవాలి. మేలు చుట్టుపక్కల ఊళ్లన్నిటిది, త్యాగం కొందరిది. అందువల్లనే పరిహారం విషయమై కొన్నిచోట్ల రైతులు ఈ పద్ధతిని ప్రతిఘటించారు. ప్రజలంటే ఒకే గొంతు అనుకోవడం పొరపాటు. భూయజమాని, కౌలుదారు, మత్స్యకారుడు ఒకే కట్టను మూడు విధాలుగా చూస్తారు. పెద్దల మాటనే ఊరి మాటగా రాసుకుంటే అన్యాయం ప్రజల పేరుతోనే జరుగుతుంది.

మన దేశంలో తీరప్రాంత నియంత్రణకు 1991లో తొలి ప్రకటన వెలువడింది. తరువాతి 2011, 2019 ప్రకటనలు తీర నిర్వహణ ప్రణాళికల ముసాయిదాలపై ప్రజాభిప్రాయం తీసుకోవాలని నిర్దేశించాయి. ఇది మెచ్చదగినదే. కాని కాకినాడ సమీపాన ఉప్పాడలో కెరటాలకు ఇళ్లు కోల్పోయిన కుటుంబానికి, గీతలన్నీ గీసిన పటం చూపి ఆక్షేపణలున్నాయా అని అడిగితే ఏం చెప్పగలదు? ఆ గీత గీయకముందే అడగాలి. వారికి తెలిసిన భాషలో అడగాలి. వారి సూచనను తిరస్కరిస్తే కారణం వారికి తెలియజేయాలి. ఎవరి భూమి, ఎవరి జీవనం త్యాగం కావాలో ముందే తేల్చి, వారి పరిహారాన్ని పనికంటె ముందు చెల్లించాలి.

దీనివల్ల జాప్యం జరుగుతుందన్న వాదంలో నిజం లేకపోలేదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి సభలు జరపలేము. కాని ముప్పై నలభై ఏళ్లు నిలవవలసిన గట్టుకు కొన్ని నెలల సంభాషణ పెద్ద వ్యయం కాదు. ఆ గట్టు కింద బతకవలసినవారికి ఆమాత్రం వ్యవధి ఇవ్వడం పాలకుల ధర్మం.